వెన్నులో సిమెంట్ వేయించుకున్నాక ఆయాసం వస్తే గ్యాస్ అనుకోకండి

2021లో అమెరికాలో ఒక కేసు వైద్య పత్రికకెక్కింది. 56 ఏళ్లాయన విరిగిన వెన్నుపూసకి కైఫోప్లాస్టీ (పూసలో సిమెంట్‌లా గట్టిపడే పదార్థం నింపే ఆపరేషన్) చేయించుకున్న వారానికి ఛాతీ నొప్పి, ఆయాసంతో ఆసుపత్రికొచ్చాడు. తీరా చూస్తే వెన్నులో నింపిన సిమెంట్ సిరలోకి జారి గట్టిపడి, గుండె కుడి గదిని చీల్చుకుని ఊపిరితిత్తి దాకా గుచ్చుకుంది. గుండె ఆపరేషన్ చేసి దాదాపు 10 సెంటీమీటర్ల ముక్క బయటికి తీశారు, బతికాడు. అంత దారుణం చాలా అరుదు లెండి.

నేను సీటీ స్కాన్ గదిలో పనిచేస్తాను. ఒక రాత్రి డెబ్బై దాటిన మామ్మగారిని ఆయాసంతో తెచ్చారు. రెండు రోజులుగా గ్యాసని ఈనో తాగిస్తున్నారట. చీటీ మీద 'ఆయాసం' అని ఒక్క ముక్కే ఉంది. బల్ల మీదికి ఎక్కిస్తుంటే నడుం దగ్గర రెండు చిన్న ప్లాస్టర్లు కనబడి అడిగితే, అప్పుడన్నాడు కొడుకు: "ఆ, పది రోజుల కింద సిమెంట్ వేశారండీ, దానికీ దీనికీ ఏం సంబంధం?" డిశ్చార్జ్ సమ్మరీ ఇంట్లో బీరువాలో ఉంది. డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పి, రంగుమందు ఎక్కించకముందే ఒకసారి స్కాన్ తీశాం. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో సుద్దగీతల్లా తెల్లగా రెండు మూడు చోట్ల. రంగుమందూ తెల్లగానే కనిపిస్తుంది, ముందే అది ఎక్కించి ఉంటే ఆ గీతలు అందులో కలిసిపోయేవేమో.

సంబంధం ఏమిటంటే, ఆ సిమెంట్ ఎక్కించేటప్పుడు టూత్‌పేస్ట్‌లా ఉండాలి, కొన్ని నిమిషాల్లో రాయవుతుంది. ఇంకా పల్చగా ఉండగానే నెట్టినా, మోతాదు మించినా వెన్నుపూస చుట్టూ ఉన్న సిరల్లోకి జారి, గుండె మీదుగా ఊపిరితిత్తులకి చేరుతుంది. చిన్న తునకలైతే చాలామందికి తెలియను కూడా తెలియదు. తెలిసేవాళ్లకి బల్ల మీదే తెలియొచ్చు, కొన్ని వారాల తర్వాతా తెలియొచ్చు.

ఆపరేషన్‌కి ముందు: అసలు అవసరమా అని గట్టిగా అడగండి. 2009లో వచ్చిన రెండు పరిశోధనల్లో వెర్టిబ్రోప్లాస్టీ (ఇదీ పూసలో సిమెంట్ నింపేదే), ఉత్తుత్తి ఆపరేషన్ (చేసినట్టు చేసి సిమెంట్ వేయకుండా వదిలేసేది) కంటే నొప్పి ఏమంత ఎక్కువ తగ్గించలేదని తేలింది. ఒకే దఫాలో ఎన్ని పూసలకి వేస్తారో అడగండి, ఎన్ని ఎక్కువైతే అంత రిస్కు. సిమెంట్ ఎక్కిస్తున్నంతసేపూ ఎక్స్‌రే తెర మీద చూస్తూ చేస్తారా అనీ అడగండి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులుంటే దాచకండి.

బల్ల మీద: మెలకువగా ఉంటే, దగ్గొచ్చినా ఛాతీ పట్టేసినా ఆ క్షణమే చెప్పండి. ఓర్చుకోవద్దు.

ఇంటికొచ్చాక ఆయాసం, ఛాతీ నొప్పి, గుండెదడ, కళ్లు తిరగడం, కఫంలో రక్తం, వీటిలో ఏదొచ్చినా 108కి ఫోన్ చేయండి. పొద్దున చూద్దాం అనొద్దు. ఈనో వద్దు. క్యాజువాల్టీలో నోరు తెరవగానే మొదటి మాట "వెన్నులో సిమెంట్ వేశారు". డాక్టర్‌కి చెప్పినా సరే, ఎక్స్‌రే తీసేవాడికి మళ్లీ చెప్పండి, స్కాన్ దగ్గర మళ్లీ చెప్పండి. సిమెంట్ అని చెప్పండి, ఉత్తి 'నడుం ఆపరేషన్' అంటే ఎవరికీ తట్టదు. రక్తం పల్చబడే మందులు సొంతంగా మొదలెట్టొద్దు, రాసిచ్చినవి సొంతంగా మానొద్దు. ఆ మందులు సిమెంట్‌ని కరిగించవు, దాని మీద గడ్డ కట్టకుండా చూస్తాయి. డిశ్చార్జ్ సమ్మరీ ఫోటో ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి, ఈరోజే తీసి పంపండి.