పాత పేజ్‌మేకర్ పుస్తకాన్ని పైసా ఖర్చు లేకుండా లిబ్రె ఆఫీస్‌లోకి తేవడం ఎలా?

పుస్తకాల పేజీలు కట్టే అడోబీ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబీ దానికి కొత్త వెర్షన్ తేలేదు. మన డీటీపీ సెంటర్లలో మాత్రం అది ఇంకా నడుస్తూనే ఉంది, పక్కన అను అనే పాత తెలుగు ఫాంట్లతో. ఎప్పుడో వేసిన కవితా సంపుటినో ఊరి చరిత్రనో మళ్లీ అచ్చు వేద్దామనుకున్నవాళ్లు ఆ ఫైలు పట్టుకుని షాపుల చుట్టూ తిరుగుతుంటారు. అక్కర్లేదు. ఇంట్లో కంప్యూటర్ ఉంటే చాలు, కొనాల్సిన సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు. అయితే మధ్యలో ఒక మెట్టు ఉంది. చాలామంది పుస్తకాన్ని పాడుచేసుకునేది అక్కడే. మిగతావన్నీ తేలిక కాబట్టి త్వరగా చెప్పేస్తాను.

కావలసినవి

ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రె ఆఫీస్ దించుకుని ఇన్‌స్టాల్ చేయండి. రైటర్, డ్రా అందులోని ప్రోగ్రాములే, మొదటిది రాతకు, రెండోది బొమ్మలకు. దాని సొంత సైట్ నుంచే దించుకోండి. తెలుగు ఫాంట్లకు మండలి, రామభద్ర తీసుకోండి, రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఓపెన్ లైసెన్స్ ఫాంట్లు కాబట్టి అచ్చు పుస్తకంలో వాడుకోవడానికి ఎవరికీ రూపాయి కట్టనక్కర్లేదు. లోపలి పేజీలకు మండలి, శీర్షికలకు రామభద్ర. ఒకే పుస్తకంలో అయిదారు ఫాంట్లు వాడేవాళ్లు పెళ్లి శుభలేఖలు చేసుకోవడం మంచిది.

లిబ్రె ఆఫీస్ తెరిచాక టూల్స్, ఆప్షన్స్‌లో భాషల సెట్టింగ్‌లోకి వెళ్లి ‘కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్’ దగ్గర తెలుగు ఎంచుకోండి. ఇది చేయకుండా ‘తెలుగుకు ఫాంట్ మారడం లేదు’ అని గోల పెట్టేవాళ్లు సగం మంది.

టెక్స్ట్ బయటికి తీయడం

పేజ్‌మేకర్ ఉన్న కంప్యూటర్ దొరికితే మేలు. కథనం (ఒకదానికొకటి కలిపి ఉన్న టెక్స్ట్ అంతా) మీద క్లిక్ చేసి, ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్‌కి వెళ్లి ఆర్‌టీఎఫ్ (ఫాంట్ల వివరాలు కూడా దాచే టెక్స్ట్ ఫైలు) రూపంలో భద్రపరచండి. ఒక్కో కథనాన్నీ విడివిడిగా తీయాలి, విసుగు పనే. పేజ్‌మేకర్ లేకపోతే ఫైలును నేరుగా లిబ్రె ఆఫీస్ డ్రాలో తెరవండి. పేజ్‌మేకర్ ఫైళ్లను చదవడం దానికి వచ్చు. పేజీల అమరిక చెదిరిపోవచ్చు, అయినా మనకు కావలసింది అక్షరాలే, వాటిని కాపీ చేసి రైటర్‌లో పెట్టుకోండి.

తెరవగానే ఇంగ్లీషు అక్షరాలూ వింత గుర్తులూ కలిసిన చెత్త కనిపిస్తుంది. టెన్షన్ పడకండి, అలాగే కనిపించాలి. నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి తోచిన ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయడం మాత్రం వద్దు. కొన్ని గుర్తులు ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. అలా పోయినవి ఇక తిరిగి రావు.

యూనికోడ్‌లోకి మార్చడం: ఇక్కడ నిదానం

అను ఫాంట్లలో తెర మీద ‘క’ అని కనిపించేది కంప్యూటర్ దృష్టిలో క కాదు. అది ఏదో ఇంగ్లీషు అక్షరమో గుర్తో, దానికి తెలుగు బొమ్మ తొడిగారు. తలకట్టు, గుడి, ఒత్తు వేర్వేరు ముక్కలుగా ఉంటాయి. కంటికి ఏ వరసలో కనబడాలో ఆ వరసలో పేర్చి ఉంటాయి తప్ప, మనం పలికే వరసలో కాదు. కన్వర్టర్ చేసే పని ఆ ముక్కలను ఏరి, అసలైన తెలుగు అక్షరాలుగా, అంటే ప్రతి అక్షరానికీ సొంత కోడ్ ఉండే యూనికోడ్‌గా, అతకడం. ఏ ముక్క దేనికి చెందుతుందో అది ఊహించుకోవాల్సి వస్తుంది. తప్పులు దొర్లేది అందుకే.

అను నుంచి యూనికోడ్‌కు మార్చే ఉచిత కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి. ఫైలు అనులో ఏ వెర్షన్‌తో టైపు చేశారో ముందు కనుక్కోండి. వెర్షన్ తప్పు ఎంచుకుంటే చాలావరకు బాగానే కనబడి, అక్కడక్కడా ఒత్తులు మారిపోయి ఉంటాయి. పూర్తిగా చెడిపోయిన దానికంటే ఇదే ప్రమాదం, ఎందుకంటే ఎవరూ గమనించరు. అచ్చుకాని రాతప్రతి అయితే ఇంకో జాగ్రత్త: కన్వర్టర్ పేజీ తెరుచుకున్నాక నెట్ ఆపేసి చూడండి. అప్పుడూ పనిచేస్తే మీ రాత మీ కంప్యూటర్ దాటి వెళ్లడం లేదన్నమాట.

పుస్తకం మొత్తాన్ని ఒకేసారి అందులో కుమ్మరించకండి. దయచేసి. ముందు ఒక్క పేజీ మార్చి చూడండి, అదీ సులువైన పేజీ కాదు. లక్ష్మి, స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం, ఋషి, మృదువు, ఘోష, ఝాన్సీ, వైద్యం లాంటి మాటలున్న పేజీ. అవన్నీ సరిగ్గా వస్తేనే ఆ కన్వర్టర్‌ను నమ్మండి. రాకపోతే ఇంకోటి వెతకండి. తప్పుల్ని తర్వాత దిద్దుకుందాం అనుకుంటే ఆ దిద్దడానికి అంతుండదు.

ఇంగ్లీషు మాటల సంగతి మరీ దారుణం. పుస్తకంలో ఎక్కడైనా ఇంగ్లీషులో పేరో చిరునామానో ఉంటే, కన్వర్టర్ దాన్ని కూడా అను గుర్తులనుకుని తెలుగు చెత్తగా మార్చేస్తుంది. అందుకే ఆర్‌టీఎఫ్ అన్నాను, అందులో ఏ ముక్క ఏ ఫాంట్‌లో ఉందో తెలుస్తుంది. మార్చడానికి ముందే రైటర్‌లో ఆ ఫైలు తెరిచి, ‘ఫైండ్ అండ్ రీప్లేస్’లో ఫార్మాట్ బటన్ నొక్కి, ఇంగ్లీషుకు వాడిన ఫాంట్ పేరు ఇచ్చి ‘ఫైండ్ ఆల్’ కొట్టండి. దొరికినవాటికి ఎర్ర రంగు వేయండి. మార్చిన తర్వాత ఈ ఎర్ర రంగు కాపీని పక్కన పెట్టుకుని, ఎర్రగా ఉన్న చోటల్లా అసలు ఇంగ్లీషు మాట తిరిగి పెట్టండి.

ఇక కంటికి కనిపించని తప్పులు. తెలుగు సున్న (ం) ఉండాల్సిన చోట అంకె సున్నా (0) ఉంటుంది. చూడ్డానికి రెండూ గుండ్రమే, వెతికితే మాత్రం మాట దొరకదు. రైటర్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్ టిక్ పెట్టి, ([అ-ౌ])0 అని వెతికి $1ం తో మార్చండి. తెలుగు అక్షరం వెంట ఉన్న సున్నాలే మారతాయి, 2000 లాంటి అంకెలు చెడవు. తెలుగు అంకె ౦ కోసం కూడా ఇలాగే ఇంకోసారి వెతకండి. దుఃఖంలో విసర్గ బదులు కోలన్ ఉంటుంది, దాన్ని మాత్రం ఒక్కొక్కటే చూసి మార్చండి. ‘రీప్లేస్ ఆల్’ కొడితే నాటకంలో పాత్రల పేర్ల పక్కనున్న కోలన్లు కూడా పోవచ్చు.

మూడోది పొల్లు. ‘హెడ్‌మాస్టర్’ కాస్తా ‘హెడ్మాస్టర్’ అవుతుంది, ‘సాఫ్ట్‌వేర్’ ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. పొల్లు తర్వాత కర్సర్ పెట్టి 200 అంకె, దాని వెంట ఇంగ్లీషు సి కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కండి. రెండు అక్షరాలు విడిపోతాయి. ఇంగ్లీషు మాటలు ఎక్కువున్న పుస్తకంలో ఈ పనే ఒక పూట తింటుంది.

ఇవన్నీ అయ్యాక ప్రూఫ్. ఒకరు పాత అచ్చు ప్రతి పట్టుకుని పైకి చదవాలి, రెండోవారు తెర మీద చూడాలి. ఒక్కరే కూర్చుని దిద్దితే కుదరదు, మనకు తెలిసిన వాక్యాన్ని మన కళ్లు సరిచేసుకుని చదివేస్తాయి. తెలుగు స్పెల్‌చెక్‌ను నమ్ముకోవద్దు. మన మాటలకు సంధులూ విభక్తులూ అతుక్కుని ఉంటాయి కాబట్టి సరైన వాటి కిందా ఎర్ర గీతలు గీస్తుంది. నేనైతే ఆపేస్తాను.

పేజీలు కట్టడం

డెమ్మీ సైజు అయితే పేజీకి 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల పొడవు. ఫాంట్‌ను ఒక్కో పేరాకు ఇవ్వకుండా స్టైల్‌లో ఇవ్వండి. స్టైల్‌లో ఇంగ్లీషుకు ఒక ఫాంట్, తెలుగుకు ఒక ఫాంట్ వేరుగా ఉంటాయి, రెండోదే మనకు ముఖ్యం. లైన్ల మధ్య దూరాన్ని ‘ఫిక్స్‌డ్’గా పెట్టకండి, కింది ఒత్తులు తెగుతాయి. ‘ప్రపోర్షనల్’ పెట్టి 110 శాతం దగ్గర మొదలుపెట్టి చూడండి.

చాలామంది ఈ దశలో పేజీలు కట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ వైపు పరుగెడతారు. స్క్రైబస్ మంచిదే, తెలుగు ఒత్తుల్ని సరిగ్గా చూపిస్తుంది, రంగుల అచ్చుకు కావలసిన సీఎంవైకే (నాలుగు ఇంకుల రంగు పద్ధతి) కూడా అందులో ఉంది. కానీ పాత స్క్రైబస్‌లో తెలుగు చెదిరిపోతుంది, 1.6 లేదా ఆ తర్వాతిది వాడండి. ఫొటోలూ ప్రకటనలూ నిండిన సావనీర్‌కు, కవర్ పేజీకి అది తీసుకోండి. కథల పుస్తకానికి రైటర్ చాలు. పేజీ నంబర్లు, విషయసూచిక, ఫుట్‌నోట్లు రైటర్‌లో వాటంతటవే వస్తాయి. స్క్రైబస్‌లో వాటితో కుస్తీ పట్టాలి.

ప్రెస్‌కి

పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, దాన్ని తెరిచి ప్రాపర్టీస్‌లో ఫాంట్లన్నీ ‘ఎంబెడెడ్’ (ఫైలులోనే ఇమిడి ఉన్నట్టు) అని ఉన్నాయో లేదో చూసుకోండి. ‘పేజ్‌మేకర్ ఫైలే ఇవ్వండి, మేం సర్దుకుంటాం’ అని ప్రెస్‌వాళ్లు అడగొచ్చు. ఇవ్వకండి. రైటర్ ఫైలు కూడా ఇవ్వకండి. వాళ్ల కంప్యూటర్‌లో ఫాంట్ మారితే పేజీలన్నీ జరుగుతాయి, ఆ తప్పు మీ నెత్తిన పడుతుంది. పీడీఎఫ్ మాత్రమే ఇచ్చి, మొదటి ఎనిమిది పేజీలు ప్రూఫ్ తీయించి, ఒత్తులున్న లైన్లు చూసుకున్నాకే మిగతా పేజీలకు సరే అనండి.