టెక్సాస్‌లో వినియోగదారు దావా వేసే ముందు జాగ్రత్తలు

టెక్సాస్ మోసపూరిత వాణిజ్య పద్ధతుల చట్టం కింద వ్యాపారిపై దావా వేయదలచినవారు, దాఖలుకు కనీసం 60 రోజుల ముందు, ఫిర్యాదు ఏమిటో, ఆర్థిక నష్టం ఎంతో, అప్పటిదాకా అయిన లాయరు ఫీజు ఎంతో వివరంగా రాసి నోటీసు పంపాలి. “ఇంటి పైకప్పు పని బాగా చేయలేదు” అన్న ఒక్క ముక్క చాలదు. చెల్లించిన మొత్తం, నీరు కారుతున్న గది కూడా రాయడం మేలు. దావాకు గడువు సాధారణంగా 2 ఏళ్లే.

గెలిచిన వినియోగదారుకు సముచితమైన లాయరు ఫీజు కోర్టు ఇప్పిస్తుంది. వ్యాపారి తెలిసే మోసగించాడని రుజువైతే ఆర్థిక నష్టానికి 3 రెట్ల వరకు పరిహారం రావచ్చు. ఆ ఆశతో తొందరపడకూడదు, ఎందుకంటే ఆధారం లేకుండానో వేధించడానికో వేసిన దావా అని కోర్టు తేలిస్తే అవతలివారి లాయరు ఫీజు మన నెత్తినే పడుతుంది. గెలిస్తే ఫీజు సముచితమేనని కోర్టుకు చూపడానికి, మన లాయరు ఏ రోజు ఏ పనికి ఎన్ని గంటలు వెచ్చించారో చూపే బిల్లులను మొదటి నుంచీ అడిగి తీసుకోవాలి.