డీజిల్ ఫిల్టర్ కింద నీటి సెన్సర్ మార్చడం ఎలా? ముందు సీసా పట్టండి

సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్, జయపురం వైపు వచ్చే బళ్లలో వానాకాలం, చలికాలం డ్యాష్‌బోర్డు మీద ఒక దీపం తరచూ వెలుగుతుంది. డీజిల్లో నీళ్లు చేరాయని చెప్పే దీపం అది. మా షెడ్డుకొచ్చే డ్రైవర్లు బండి దిగుతూనే అనే మాట, "అన్నా, సెన్సర్ పోయింది, మార్చెయ్." నేను అడిగేదీ ఎప్పుడూ ఒకటే. "నీళ్లు తీసి చూశావా తమ్ముడూ?" చాలామంది చూసి ఉండరు. తీసి చూస్తే సగం బళ్లలో సెన్సర్ బాగానే ఉంటుంది, నీళ్లే నిజం.

ఆ సెన్సర్‌లో పెద్ద మాయేమీ లేదు. ఫిల్టర్ అడుగున ఉండే గిన్నెలోకి రెండు చిన్న లోహపు పుల్లలు పొడుచుకుని ఉంటాయి. నీళ్లు డీజిల్ కన్నా బరువు, అందుకే అడుగుకి దిగుతాయి. డీజిల్ కరెంటుని పోనివ్వదు, నీళ్లు పోనిస్తాయి. నీటిమట్టం రెండు పుల్లల్నీ తాకగానే ఈసీఎంకి, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి, సంగతి తెలుస్తుంది, దీపం వెలుగుతుంది. తాళం ఆన్ చేసినప్పుడు రెండు మూడు సెకన్లు వెలిగి ఆరిపోవడం మామూలే, అది దీపం బాగుందో లేదో చూసుకోవడానికి. ఆరకుండా నిలిచిపోతేనో, దారిలో వెలిగితేనో పట్టించుకోవాలి.

మా వైపు నీళ్లెక్కడివని అడుగుతారు. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. పగలు మైదానంలో వేడెక్కిన బండి, సగం ఖాళీ ట్యాంకుతో రాత్రి ఇక్కడ చలిలో నిలబడితే ట్యాంకు లోపలి గాలిలోని తేమ గోడలకి చెమటలా పట్టి డీజిల్లోకి జారుతుంది. ట్యాంకు మూత వాషరు పాడైతే వాన నీళ్లు వెళ్తాయి. పీపాల్లో నిలవుంచిన డీజిల్ పోయించుకుంటే ఇక చెప్పక్కర్లేదు. కాబట్టి రాత్రి ఆగేముందే ట్యాంకు నింపుకోండి, పొద్దున కాదు.

పరీక్ష ఇలా చేయండి. బండిని సమతలంగా ఆపి, ఇంజిన్ చల్లారాక ఫిల్టర్ అడుగున ఉన్న డ్రెయిన్ మర కింద పారదర్శకమైన ప్లాస్టిక్ సీసా పట్టి మర వదులు చేయండి. చుక్క రాకపోతే హ్యాండ్ పంపు నాలుగైదు సార్లు నొక్కండి. అచ్చంగా డీజిల్ వచ్చేదాకా పట్టి, మర బిగించి, సీసాని పది నిమిషాలు కదపకుండా ఉంచండి. నీళ్లుంటే అడుగున వేరే పొరగా నిలుస్తాయి. కనిపించాయా? అయితే సెన్సర్ అబద్ధం చెప్పలేదు. ట్యాంకు అడుగు కూడా డ్రెయిన్ చేయించి, తాళం తీసి మళ్లీ ఆన్ చేసి చూడండి.

చుక్క నీరు లేకపోయినా దీపం వెలుగుతూనే ఉంటే, అప్పుడు కూడా కొత్త సెన్సర్ బిగించేయకండి. సెన్సర్ వైరు చివర ఉండే కప్లర్ ఊడదీసి లోపల చూడండి. పచ్చగా చిలుము పట్టి ఉందా, బురద నీళ్లున్నాయా? మా దారుల్లో సగం తప్పు ఇక్కడే దొరుకుతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరబెట్టి, తగిలించి చూడండి. స్కానర్ ఉన్నవాళ్లు కోడ్ కూడా చదవొచ్చు. హెవీ బళ్లలో ఎస్‌పీఎన్ (ఏ భాగమో చెప్పే నంబరు) 97 అంటే ఈ సెన్సర్‌దే. దాని పక్కన ఎఫ్‌ఎంఐ (ఏ రకం తప్పో చెప్పే నంబరు) 3 గానీ 4 గానీ ఉంటే నీళ్ల మాట కాదు, వైరింగ్ లేదా సెన్సర్ తప్పు.

ఇప్పుడు నేను ఎప్పుడూ చేసే పని చెప్తాను, దీనివల్ల ఎన్ని అనవసరపు ఖర్చులు తప్పాయో. పాత సెన్సర్‌ని గిన్నెలోనే ఉంచి, కొత్త సెన్సర్‌ని కప్లర్‌కి తగిలించి గాలిలో వేలాడదీయండి. తాళం ఆన్ చేయండి. దీపం ఆరిపోతే పాతదే పాడైంది. ఆరకపోతే వైరింగ్ చూడాలి, కొత్తది కొట్టువాడికి తిరిగి ఇచ్చేయొచ్చు. తర్వాత కొత్తదాని పుల్లల్ని చిటికెడు ఉప్పు వేసిన నీళ్లలో ముంచండి, స్టీలు గ్లాసు వద్దు, ప్లాస్టిక్‌ది తీసుకోండి. దీపం వెలగాలి. కొన్ని బళ్లలో కొంతసేపు ఆగి వెలుగుతుంది, తొందరపడకండి. మంచి నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాకే బిగించాలి. సెన్సర్లు చూడ్డానికి ఒకేలా ఉన్నా రెండు పిన్నులవీ మూడు పిన్నులవీ ఉంటాయి, లోపలి రెసిస్టెన్స్ కూడా తేడాగా ఉండొచ్చు. పార్టు నంబరు చూసే కొనండి.

మార్చడం

చక్రాలకి చెక్క దిమ్మలు పెట్టండి. తాళం తీసి, బ్యాటరీ కటాఫ్ స్విచ్ ఆపండి. దగ్గర్లో బీడీ, సిగరెట్ వద్దు. కామన్ రైలు బండైతే, అంటే ఒకే పైపు నుంచి అన్ని ఇంజెక్టర్లకీ హెచ్చు ఒత్తిడితో డీజిల్ వెళ్లే బండైతే, ఇంజెక్టర్లకి వెళ్లే ఇనుప పైపుల జోలికి పోకండి. నడుస్తున్నప్పుడు వాటిలో 1,600 బార్‌కి మించి కూడా ఒత్తిడి ఉంటుంది. మన పని తక్కువ ఒత్తిడి వైపు ఫిల్టర్ దగ్గరే.

సెన్సర్ విప్పకముందు ఫిల్టర్ చుట్టూ ఉన్న మట్టిని బ్రష్‌తో, శుభ్రమైన గుడ్డతో తుడవండి. ఈ పనిని అందరూ తేలిగ్గా తీసుకుంటారు, కానీ ఇంజెక్టర్ లోపలి సందులు మైక్రాన్లలో ఉంటాయి. దామన్‌జోడి దారి ఎర్రమట్టి రేణువు ఒక్కటి లోపలికి పోయినా నష్టమే. కాటన్ వేస్టు వాడకండి, పీచు ఊడుతుంది.

ట్యాంకు ఫిల్టర్ కన్నా ఎత్తులో ఉంటే డీజిల్ ఆపే కాక్ మూయండి. కింద ట్రే పెట్టి గిన్నెని పూర్తిగా ఖాళీ చేయండి. కప్లర్ లాక్ నొక్కి విడదీయండి, వైరు పట్టి లాగకండి. సెన్సర్‌ని సరిపోయే పానాతో ఎడమకి తిప్పి విప్పండి. బయటికొచ్చాక పాత ఓ రింగ్ (లీకు ఆపే రబ్బరు రింగు) దానితోనే వచ్చిందా చూడండి. గిన్నెలోనే అంటుకుని ఉండిపోతే, దాని మీద కొత్తది పడి రెండూ కలిసి లీకవుతాయి. గిన్నెలో నల్లటి జిగురు, తుప్పు ఉంటే శుభ్రమైన డీజిల్‌తో కడగండి. గిన్నె మరలో పగులుంటే గిన్నె కూడా మార్చాల్సిందే.

కొత్త ఓ రింగ్‌కి శుభ్రమైన డీజిల్ పూసి, సెన్సర్‌ని చేత్తోనే మర ఎక్కించండి. ప్లాస్టిక్ మర కాబట్టి అడ్డంగా ఎక్కితే పాడవుతుంది. చేతికి బిగిశాక, కంపెనీ చెప్పినంతే పానాతో బిగించండి. టెఫ్లాన్ టేపు, షెల్లాక్ జిగురు వద్దు, ముక్కలు లోపలికి పోతాయి. కప్లర్ 'టక్' మనే దాకా నొక్కండి.

తర్వాత గాలి తీయాలి. బ్యాటరీ స్విచ్, కాక్ తెరిచి, ఫిల్టర్ మీది ఎయిర్ స్క్రూ వదులు చేసి, హ్యాండ్ పంపు కొడుతూ బుడగలు ఆగి డీజిల్ ధారగా వచ్చేదాకా ఉండి, స్క్రూ బిగించండి. పంపు గట్టిపడేదాకా మళ్లీ కొట్టండి. కరెంటు పంపు ఉన్న బండైతే తాళం ఆన్ చేసి, ఆపి, అలా మూడు నాలుగు సార్లు చేయండి. సెల్ఫ్ ఒక్కసారి 30 సెకన్లకి మించి కొట్టకండి, మధ్యలో రెండు నిమిషాలు ఆగండి. స్టార్టయ్యాక కొన్ని నిమిషాలు స్లోలో నడవనిచ్చి, సెన్సర్ కింద పొడి అట్టముక్క పెట్టి తడి తగులుతోందేమో చూడండి.

సెన్సర్ దొరకని చోట వైరు కత్తిరించి దీపం ఆర్పే సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఒక బండికి దారిలో ఎవరో అలాగే చేశారు. డ్రైవరు పాపం నమ్మి వెళ్లాడు. వారం తర్వాత ఘాట్ మధ్యలో పికప్ పడిపోయి, తెల్లపొగతో ఆగింది. తాడు కట్టి నా దగ్గరికి తెస్తే ఇంజెక్టర్లు విప్పాను. మొనలకి తుప్పు పట్టి ఉంది. డీజిలే ఇంజెక్టర్‌కి కందెనలా పనిచేస్తుంది, నీళ్లకి ఆ గుణం లేదు. పైగా వేడికి ఆవిరై మొనల్ని తినేస్తాయి. ఆ ఓనరు ముఖం ఇప్పటికీ గుర్తుంది. రేటు అడిగి చాలాసేపు మాట్లాడలేదు. సెన్సర్ దొరకకపోతే రోజూ పొద్దున సీసా పట్టి నడపండి, వైరు మాత్రం కోయకండి.

వంపిన డీజిల్‌ని వాగులోకి పోయకండి, డబ్బాలో నిలవచేసి పాత ఆయిల్ కొనేవాళ్లకి ఇవ్వండి. సెన్సర్ మార్చాక మొదటి ఫుల్ ట్యాంకు తర్వాత, బండి రాత్రంతా నిలిచిన పొద్దున, స్టార్ట్ చేయకముందే మళ్లీ అదే సీసా పట్టి గిన్నె మర ఒకసారి వదులు చేసి చూడండి.