తక్కువ ఖర్చుతో ఇంట్లోనే కమ్మగా వండుకోవడం ఎలా?

నెలలో మూడో వారం దాటగానే ఇంటి ఖర్చుల్లో ముందు కోత పడేది తిండి మీదే. అద్దె ఆపలేం, కరెంటు బిల్లు ఆపలేం, పిల్లల ఫీజు అసలే ఆపలేం. దాంతో చాలామంది రోజూ అదే నీళ్ల పప్పు తిని, విసుగెత్తి, నాలుగో రోజు బయట నుంచి బిర్యానీ తెప్పించుకుంటారు, అక్కడితో వారం మిగిల్చిందంతా ఒక్క పూటలో పోతుంది. విశాఖలో ఉంటూ ఇలా అవస్థ పడక్కర్లేదు. మన ఉత్తరాంధ్ర వంటకి ఆవ, చింతపండు, కాస్త బెల్లం, ఇంగువ పోపు ఉంటే చాలు, ఎంత చవక కూరగాయైనా రెండో ముద్ద అడిగిస్తుంది. అందుకే నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: ఖరీదైన కూరగాయ మీద పెట్టే డబ్బులో కొంత తీసి మంచి ఇంగువ, మంచి చింతపండు, మంచి ఎండుమిర్చి మీద పెట్టండి.

కింద చెప్పిన కొలతలన్నీ ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పిల్లాడు ఉన్న ఇంటికి.

1. జీతం రాగానే డబ్బాలు నింపుకోండి

నెల మొదట్లోనే కొనాల్సినవి ఇవి: కందిపప్పు 2 కేజీలు, పెసరపప్పు 1 కేజీ, చింతపండు అరకేజీ, ఎండుమిర్చి పావుకేజీ, వేరుశెనగ గుళ్లు అరకేజీ, బెల్లం అరకేజీ, ఆవాలు 100 గ్రాములు, మెంతులు 50 గ్రాములు, నూనె రెండున్నర లీటర్లు, వీటితో పాటు మినప్పప్పు, జీలకర్ర, పసుపు, ఇంగువ. ఇంగువ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. డబ్బాలో దొరికే పొడిలో పిండి కలిపి ఉంటుంది, గడ్డ ఇంగువ కొనేటప్పుడు ఖరీదనిపించినా శనగగింజలో సగమంత ముక్క ఒక పోపుకి సరిపోతుంది.

నూనె ప్యాకెట్ నుంచి నేరుగా మూకుడులోకి వంచొద్దు. రోజుకి ఐదు పెద్ద చెంచాలు అని లెక్క పెట్టుకుని, పొద్దున్నే చిన్న గిన్నెలోకి తీసుకోండి. ఆ రోజు కూర, పోపు, అట్టు అన్నీ అందులోనే అయిపోవాలి.

సముద్రపు గాలి వల్ల మన ఊళ్లో సరుకు త్వరగా మెత్తబడుతుంది, వర్షాకాలంలో పప్పుకి పురుగు కూడా పడుతుంది. కందిపప్పుని ఒక పూట ఎండలో పోసి, పూర్తిగా చల్లారాక నాలుగైదు ఎండుమిరపకాయలు వేసి గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి. బొంబాయి రవ్వ కొన్నరోజే వేయించి దాచుకోండి. పురుగు పట్టి పారబోసే సరుకంటే ఖరీదైనది ఇంకోటి లేదు.

2. కూరగాయలకి చీటీ రాసుకుని వెళ్లొద్దు

వంకాయే కావాలని అనుకుని బయల్దేరితే అది ఎంత ధర ఉన్నా కొనేస్తాం. 1999లో మొదలైన రైతు బజార్లు సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, కంచరపాలెం, గోపాలపట్నం లాంటి చోట్ల ఉన్నాయి కదా, లోపలికి వెళ్లగానే ధరల బోర్డు మొత్తం చదవండి, ఒకసారి ఖాళీ సంచితోనే చుట్టూ తిరగండి, ఆ తర్వాతే కొనండి. బోర్డు మీద అన్నిటికంటే తక్కువ ధర ఉన్న మూడు రకాలే ఆ వారం మీ కూరలు. చాలాసార్లు అవి ఆనపకాయ, గుమ్మడికాయ, దోసకాయ, అరటికాయ, ఏదో ఒక ఆకుకూర అవుతాయి. ఆకుకూరలు పొద్దున్నే కొనాలి, ఎండెక్కాక వాడిపోయిన కట్ట చవకగా వచ్చినా సగం ఏరి పారేయాల్సిందే.

టమాటా ధర పెరిగినప్పుడు దాని వెంట పడకండి, పులుపు కావాలంటే చింతపండు, చింతచిగురు, గోంగూర, నిమ్మకాయ, మామిడికాయ ఇన్ని ఉన్నాయి. ఉల్లిపాయ ధర పెరిగిన రోజుల్లో ఉల్లి లేని ఆవ కూరలు, పెసరపప్పు వేసిన కూరలు ముందుకు తెచ్చుకోండి. ఏజెన్సీ, అంటే మన్యం కొండల నుంచి వచ్చే రాజ్మా గింజలు కనిపిస్తే అరకేజీ తీసుకోండి, రాత్రి నానబెట్టి ఉడికించి మామూలు ఉల్లిపాయ, అల్లం, కారంతో వండితే ఒక పూట కూర, రెండో పూట చపాతీలోకి కూడా వస్తుంది.

3. పప్పు ఒకసారి ఉడికించండి, రెండు పూటలు తినండి

ఒక గ్లాసు కందిపప్పు, అంటే సుమారు 200 గ్రాములు, కడిగి అరగంట నానబెట్టండి. మూడు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, నాలుగు చుక్కల నూనె వేసి కుక్కర్ పెట్టండి. ఉప్పు, చింతపండు అప్పుడే వేయకండి, పులుపు తగిలితే పప్పు ఉడకడానికి మొరాయిస్తుంది. నానిన పప్పుకి మూడు విజిల్స్ చాలు, స్టవ్ కట్టేసి ఆవిరి దానంతట అది దిగేదాకా వదిలేస్తే ఆ వేడికే మెత్తబడుతుంది. అదే కుక్కర్‌లో పై గిన్నెలో బియ్యం పెట్టేస్తే అన్నానికి విడిగా గ్యాస్ ఖర్చు ఉండదు.

సగం పప్పు మధ్యాహ్నానికి. రెండు కట్టలు తోటకూర కాడలతో సహా తరిగి, నాలుగు పచ్చిమిరపకాయలు చీల్చి, మూకుడులో మూత పెట్టి ఐదు నిమిషాలు మగ్గించండి. కాస్త చింతపండు రసం, ఉప్పు, ఆ తర్వాత మెదిపిన పప్పు వేసి రెండు ఉడుకులు రానివ్వండి.

ఇప్పుడు పోపు. దీన్ని తొందరలో కానిచ్చేసేవాళ్లే ఎక్కువ, కానీ పప్పుకి ప్రాణం ఇదే. రెండు చిన్న చెంచాల నూనె వేడయ్యాక ఒక్క ఆవగింజ వేసి చూడండి. అది అడుగున ఊరికే కూర్చుంటే ఇంకా ఆగాలి, వెంటనే చిట్లితే మిగతా ఆవాలు వేయండి. చిటపటలు సగం తగ్గాక మినప్పప్పు, అది రంగు తిరుగుతుంటే పావు చెంచా మెంతులు, తుంచిన ఎండుమిర్చి రెండు. మెంతులు ఎర్రబడగానే స్టవ్ కట్టేయాలి, ఇంకో పది సెకన్లు ఆగితే నల్లబడి గిన్నెడు పప్పూ చేదెక్కుతుంది. ఇంగువ, కరివేపాకు స్టవ్ కట్టేశాకే, ఉన్న వేడి వాటికి చాలు. పోపు పప్పులో వేసి వెంటనే మూత పెట్టండి. పోపు గరిటెకి అంటుకున్న నూనె కూడా వదలొద్దు, కాస్త పప్పు అందులోకి తీసి, తిప్పి, మళ్లీ గిన్నెలో పోసేయండి.

మిగతా సగం పప్పు రాత్రి చారుకి. నిమ్మకాయంత చింతపండు పిండిన నీళ్లలో ఆనపకాయ ముక్కలు, ఉల్లిపాయ, ఉంటే ఒక ములక్కాడ వేసి ఉప్పు, కారం, చిన్న బెల్లం ముక్కతో మరిగించి, ముక్క ఉడికాక పప్పు నీళ్లు పోసి ఇంకో ఏడెనిమిది నిమిషాలు కాచండి. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే పప్పు అలా దాచొద్దు, విశాఖ ఉక్కపోతకి సాయంత్రానికే పాడవుతుంది, పొద్దున్నే చారు కాచేసి పెట్టుకుని రాత్రి మళ్లీ బాగా మరిగించుకోండి.

4. ఆవ పెట్టడం నేర్చుకోండి

అరటికాయ, కంద, పనసపొట్టు, తోటకూర, క్యాబేజీ, ఏదైనా సరే ఒక్క చెంచా ఆవాలతో పెళ్లి భోజనంలో కూరలా మారిపోతుంది. ఆవ పచ్చిగా, చేదుగా వచ్చిందని ఒకసారి చేసి వదిలేసేవాళ్లు ఉంటారు, కానీ ఇది కష్టమైన పని కాదు, రెండే జాగ్రత్తలు.

ఒక చిన్న చెంచా ఆవాలు, ఒక ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు పది నిమిషాలు చల్లటి నీళ్లలో నాననిచ్చి మెత్తగా నూరండి. నీళ్లు చల్లగానే ఉండాలి. ఆవగింజ నలిగి నీళ్లతో కలిసినప్పుడే ఘాటు పుడుతుంది, వేడి నీళ్లు పోస్తే ఆ ఘాటు పుట్టకుండానే చచ్చిపోతుంది. నూరిన ముద్దని ఐదు నిమిషాలు అలా ఉంచి వాసన చూడండి, ముక్కుకి సర్రున తగలాలి. రెండో జాగ్రత్త, ఈ ముద్దని పొయ్యి మీద ఉన్న కూరలో వేయకూడదు.

మూడు అరటికాయలు చెక్కుతో ఉడికించి, ఒలిచి, చేత్తో గరుకుగా మెదపండి. శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు, ఇంగువతో పోపు పెట్టి, పసుపు, కాస్త చిక్కటి చింతపండు గుజ్జు వేసి పచ్చి వాసన పోయాక అరటికాయ ముద్ద, ఉప్పు కలిపి దించేయండి. చేయి పెడితే వెచ్చగా అనిపించే దాకా చల్లార్చి అప్పుడు ఆవ ముద్ద కలపండి. చేసిన వెంటనే కంటే గంట తర్వాత ఇంకా బాగుంటుంది. మూడు అరటికాయలతో ముగ్గురికి కడుపు నిండా కూర.

5. తొక్కలు, కాడలు పారేయకండి

బీరకాయ చెక్కు, ఆనపకాయ చెక్కు శుభ్రంగా కడిగి నూనెలో వేయించి, వేయించిన మినప్పప్పు, ఎండుమిర్చి, చింతపండుతో నూరితే మర్నాటికి పచ్చడి సిద్ధం. లేత కాయల చెక్కే వాడండి, ముదురుది పీచు. ఆనపకాయ చెక్కు కొంచెం నమిలి చూసి, చేదు తగిలితే కాయంతా పారేయండి, అక్కడ పొదుపు చూడొద్దు. కొత్తిమీర కాడలు చారులోకి, గుమ్మడి గింజలు వేయించుకుని పిల్లలకి.

6. చేపల్లో చవక రకాలు తెలుసుకోండి

వైజాగ్‌లో ఉండి చేపలు ఖరీదని మానేయడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. వంజరం, చందువా మాత్రమే చేపలనుకుంటే ఖరీదే. కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు వాటికంటే ఎంతో చవక, రుచిలో మాత్రం తక్కువేం కాదు. కవళ్లకి ముళ్లు ఎక్కువ, చిన్నపిల్లలకి పెట్టేటప్పుడు ఓపిగ్గా తీయాలి. ఫిషింగ్ హార్బర్‌కి పొద్దున్నే వెళ్లగలిగితే మంచిది, ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు కలిసి ఒక పెద్ద వాటా కొని పంచుకుంటే ఇంకా కలిసొస్తుంది. మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి, కన్ను లోపలికి పోకుండా నిగనిగలాడాలి, వేలితో నొక్కితే గుంట పడకూడదు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తీరంలో మరపడవల వేటకి నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. ఆ రెండు నెలలూ పచ్చి చేపలు తగ్గి ధర పెరుగుతుంది. అప్పుడు ఎండు నెత్తళ్లే దిక్కు, వంకాయతో వండితే పచ్చి చేపల మాటే మర్చిపోతారు.

ముగ్గురికి 50 గ్రాముల ఎండు నెత్తళ్లు చాలు. తలలు గిల్లేసి, ఉత్తి మూకుడులో రెండు నిమిషాలు వేయించి, గోరువెచ్చటి నీళ్లలో రెండు మూడుసార్లు కడగండి, ఇసుక పోవాలి. రెండు ఉల్లిపాయలు నూనెలో మెత్తబడే దాకా వేయించి, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి, పసుపు, కారం, అరకేజీ వంకాయ ముక్కలు వేసి మూత పెట్టండి. ముక్క సగం మగ్గాక నెత్తళ్లు, కొంచెం చింతపండు రసం. ఉప్పు ఆఖర్న రుచి చూసుకున్నాకే వేయాలి, నెత్తళ్లలో ఉప్పు ఉంటుంది కాబట్టి చాలాసార్లు అసలు అవసరమే రాదు.

చేపలు తినని ఇళ్లలో గుడ్డు పులుసు. ఉడికించి ఒలిచే బదులు, మరుగుతున్న ఉల్లిపాయ పులుసులో గుడ్లు నేరుగా కొట్టి వేసి, కదపకుండా మూత పెట్టి, పచ్చసొన కూడా గట్టిపడే దాకా సన్న సెగ మీద ఐదారు నిమిషాలు ఉంచండి. పులుసు గుడ్డులోకి దిగుతుంది, గ్యాస్ కూడా మిగులుతుంది.

7. పొద్దున్న టిఫిన్

రోజూ ఇడ్లీ, దోసెలు బయట కొనుక్కుంటే నెలకి పెద్ద మొత్తమే అవుతుంది. వారంలో రెండు మూడు రోజులు చోడి (రాగి) అంబలి పెట్టుకోండి. మూడు పెద్ద చెంచాల చోడి పిండి ఒక గ్లాసు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న మూడు గ్లాసుల నీళ్లలో పోస్తూ తిప్పండి. పది నిమిషాలు ఉడికి చల్లారాక మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ. రాత్రి అన్నం మిగిలితే చల్లారగానే మునిగేలా నీళ్లు పోసి పెట్టి, పొద్దున్నే మజ్జిగ, పచ్చిమిర్చితో చద్దన్నం తినండి. మే నెల ఎండల్లో మాత్రం ఆ గిన్నె ఫ్రిజ్‌లోనే ఉండాలి. జిగటగా సాగినా, వాసన తేడాగా ఉన్నా తినొద్దు.

8. నెలాఖరుకి కందిపొడి

కూరగాయలు అయిపోయి, ఒంట్లో ఓపిక కూడా లేని రోజు కోసం ఇది నెల మొదట్లోనే కొట్టి పెట్టుకోవాలి. ఒక గ్లాసు కందిపప్పు, పావు గ్లాసు శనగపప్పు నూనె లేకుండా సన్న సెగ మీద వేయించండి. పావుగంట పడుతుంది, సెగ పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. గింజ కొరికితే కరకరమనాలి. ఎనిమిది ఎండుమిరపకాయలు, చెంచా జీలకర్ర విడిగా వేయించి, అన్నీ చల్లారాక ఉప్పు కలిపి కొంచెం గరుకుగా పొడి కొట్టండి. వెల్లుల్లి తినేప్పుడు చితక్కొట్టి కలుపుకోవచ్చు, ముందే వేస్తే పొడి నిలవ తగ్గుతుంది. వేడి అన్నంలో రెండు చెంచాల పొడి, ఒక చెంచా నూనె లేదా నెయ్యి, పక్కన ఒక ఉల్లిపాయ, ఆ తర్వాత మజ్జిగన్నం. సీసాలో తడి చెంచా పెట్టకపోతే నెల దాటినా పొడి కమ్మగానే ఉంటుంది.