మాట ఉండగానే అడగండి: పెద్దవారి చివరి రోజులకు ముందస్తు ఏర్పాట్లు

స్పృహలో లేని తండ్రికి వెంటిలేటర్ పెట్టమంటారా వద్దా అని డాక్టరు అర్ధరాత్రి అడిగినప్పుడు, ఆయన ఏం కోరుకునేవారో పిల్లలు ఊహించి చెప్పవలసి రావడం చాలా బాధాకరం. ఆ పరిస్థితి రాకూడదంటే పెద్దవారు మాట్లాడగలిగిన రోజుల్లోనే వారిని అడిగి తెలుసుకోవాలి.

ఆ సంభాషణను వైద్యంతో మొదలుపెట్టకండి. ఏయే పనులు చేసుకోలేని రోజు వస్తే బతుకు భారమనిపిస్తుంది, దేనికి ఎక్కువ భయపడుతున్నారు, చివరి రోజులు ఎక్కడ గడపాలని ఉంది అని నెమ్మదిగా అడగండి. మనవలను గుర్తుపట్టగలిగినంత కాలం ఎంత చికిత్సకైనా సిద్ధమని ఒకరంటే, మంచం దిగలేని స్థితిలో ఆసుపత్రికి తీసుకువెళ్లవద్దని అదే ఇంట్లో మరొకరు అనవచ్చు. విన్నదాన్ని సర్దిచెప్పకుండా, వారి మాటల్లోనే, తేదీ వేసి రాసుకోండి.

తమ తరఫున మాట్లాడే మనిషిని పెద్దవారే ఎంచుకోవాలి. పెద్ద సంతానమే కానక్కరలేదు. తనకు ఇష్టం లేకపోయినా వారి కోరికను డాక్టరు ముందు, తోబుట్టువుల ముందు నిలబడి చెప్పగలవారైతే చాలు. ఆ ఎంపిక మిగతా కుటుంబసభ్యులకు ముందే తెలియకపోతే గొడవలు ఆసుపత్రిలోనే మొదలవుతాయి.

ఆ తరువాతే చికిత్సల గురించి డాక్టరుతో వివరంగా మాట్లాడాలి. గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్‌లో ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కుతారు. పెళుసెక్కిన పక్కటెముకలు విరగడం మామూలే. మతిమరుపు వ్యాధి బాగా ముదిరినవారికి గొట్టంతో ఆహారం ఎక్కించినంత మాత్రాన ఆయుష్షు పెరుగుతుందనడానికి ఆధారం లేదు. ఓపికగా చేత్తో తినిపించడమే మేలు.

నిర్ణయాలను మీ దేశపు చట్టం చెప్పిన పద్ధతిలో, సాక్షుల సంతకాలతో రాయించి, ప్రతులను డాక్టరుకు, ఎంచుకున్న మనిషికి ఇవ్వండి. బీరువాలో తాళం వేసిన కాగితం అవసరానికి అందదు. కొత్త జబ్బు బయటపడినా, జీవిత భాగస్వామి దూరమైనా మళ్లీ చదివి మార్చుకోవచ్చు.

ఉపశమన చికిత్స అంటే వైద్యం మానేయడమని పొరబడకండి. నొప్పినీ ఆయాసాన్నీ తగ్గించే ఆ సేవను మిగతా చికిత్సతో పాటే మొదలుపెట్టవచ్చు. నొప్పి తగ్గడానికి సరైన మోతాదులో ఇచ్చే మార్ఫిన్ అనే మందు ప్రాణం తీస్తుందన్న భయం కూడా అక్కరలేదు. చివరి రోజుల్లో ఆకలి, దాహం తగ్గిపోతాయి. బలవంతంగా నీళ్లు తాగిస్తే పొలమారే ప్రమాదముంది కనుక, తడిపిన మెత్తటి గుడ్డతో పెదవులనూ నాలుకనూ తరచూ అద్దుతూ ఉండండి. శ్వాస మధ్యమధ్య ఆగి మళ్లీ సాగుతుంది, గొంతులో గరగరమంటుంది. ఇది చూసి కంగారుపడి అంబులెన్స్‌ను పిలిస్తే, ఇంట్లోనే కన్నుమూయాలన్న వారి కోరిక తీరకపోవచ్చు. అందుకే రాత్రివేళ ఏ నర్సుకు ఫోన్ చేయాలో, ఏ మందు ఎంత ఇవ్వాలో డాక్టరుతో ముందే రాయించుకుని మంచం పక్కనే ఉంచండి.