రాయిలాంటి బటర్‌కి తురుము పీట

కేక్ చేద్దామని మొదలుపెట్టాక గుర్తొస్తుంది, బటర్ ఇంకా ఫ్రిజ్‌లోనే ఉందని. మైక్రోవేవ్‌లో పెడితే ఒక పక్క కరిగి నూనె అయిపోతుంది, మధ్యలో రాయిలాగే ఉంటుంది. ఇప్పుడు క్యారెట్ తురిమే పీట మీద, పెద్ద కన్నాల వైపు, 100 గ్రాముల బటర్ గబగబా తురిమేస్తున్నాను. వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిస్తే 10 నిమిషాల్లో మెత్తబడుతుంది. ఆలోపు గుడ్లను కూడా గోరువెచ్చని నీళ్లలో వేసి ఉంచండి, వాటి చల్లదనమూ పోతుంది. (పచ్చసొన, తెల్లసొన విడదీయాల్సిన రెసిపీ అయితే చల్లగా ఉన్నప్పుడే విడదీసేయండి, అప్పుడే సులువు.)

బాగా ఎండగా ఉన్న రోజు మాత్రం తురుము పళ్లెంలోనే కరిగిపోతుంది. అలా జారుగా అయిన బటర్‌ని చక్కెరతో ఎంత గిలక్కొట్టినా నురగ రాదు, కేక్ గట్టిగా వస్తుంది. అలాంటప్పుడు 5 నిమిషాలకే వేలితో నొక్కి చూడండి. గుంట పడితే చాలు.