ఆధునిక హీబ్రూను విశ్వవిద్యాలయ స్థాయిలో చదవడం ఎలా?

ఆధునిక హీబ్రూ సాహిత్యంలో డిగ్రీ చేయదలచినవారు పాఠ్యగ్రంథాలను మూలభాషలోనే చదవవలసి ఉంటుంది కనుక, ముందుగా భాషను గట్టిపరచుకోవాలి. ఇజ్రాయెల్‌లో ఈ శిక్షణ ఉల్పాన్ అనే ముమ్మర భాషా తరగతుల పద్ధతిలో, హీబ్రూ అక్షరాల పేర్లతో ఆలెఫ్ నుంచి వావ్ వరకు ఆరు స్థాయిలుగా సాగుతుంది. 1925లో ప్రారంభమైన జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థులకు వేసవి ఉల్పాన్ కూడా ఉంది.

లిపిలోని 22 అక్షరాలు త్వరగానే పట్టుబడతాయి. అసలు చిక్కు అచ్చులతో. గుణింతం లేకుండా మాట రాయడమే ఎరుగని మనకు, అచ్చు గుర్తులు లేకుండా వెలువడే పత్రికలూ నవలలూ మొదట్లో కొరుకుడుపడవు. దీనికి ధాతువులే దారి. క, త, వ అనే మూడు హల్లుల నుంచే కతవ్ అంటే రాశాడు, మిఖ్తవ్ అంటే ఉత్తరం, క్తోవెత్ అంటే చిరునామా పుట్టాయి. కాబట్టి కొత్త క్రియ ఎదురైతే, దాని ధాతువేదో, బిన్యాన్లు అనే ఏడు క్రియారూప నమూనాలలో అది దేనికి చెందుతుందో ముందు ఊహించి, ఆపైన నిఘంటువులో సరిచూసుకోవాలి.

1966లో నోబెల్ సాహిత్య బహుమతి పంచుకున్న హీబ్రూ కథా రచయిత అగ్నోన్‌తోనే సాహిత్యం మొదలుపెట్టాలని చాలామంది ఉబలాటపడతారు. అది తొందరపాటే, ఆయన వాక్యంలో ప్రాచీన యూదు ధర్మశాస్త్రమైన మిష్నా, బైబిలు వ్యాఖ్యానాలైన మిద్రాష్‌ల భాష అడుగడుగునా తొంగిచూస్తుంది. వాడుక భాషకు దగ్గరగా రాసిన యెహూదా అమిఖాయ్ కవితలు ముందు చదవడం మేలు. అయితే ఆయనా ప్రార్థనల భాషను తరచు తిప్పి వాడతాడు గనుక హీబ్రూ బైబిలును పక్కనే ఉంచుకోవాలి. కవి బియాలిక్‌ను బిగ్గరగా చదివేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త అవసరం: ఆయన చాలావరకు అష్కెనాజీ, అంటే మధ్య, తూర్పు ఐరోపా యూదుల ఉచ్చారణకు అనుగుణంగా రాశాడు, నేటి ఉచ్చారణలో ఆ ఛందస్సు తప్పుతుంది.